రూబీ మెడపట్టీ మరమ్మతు

1995 చలికాలం నాటికి నేను భిలాయి పారిశ్రామికవాడలోని ఒక ఫౌండ్రీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగం డిప్యూటీ మేనేజరుని. ఛత్తీస్‌గఢ్ ఇంకా రాష్ట్రం కాలేదు. చిరునామాల్లో మధ్యప్రదేశ్ అనే రాసుకునేవాళ్లం. మా ఫౌండ్రీలో ఇనుము కరిగించి, ఉక్కు కర్మాగారాలకు కావలసిన రోలర్లూ చక్రాలూ పోతపోసేవారు. కొలిమి ఎంత వేడెక్కిందో చూపే మీటర్లు, గ్యాసు పీడనం కొలిచే గేజీలు, లారీలు తూచే కాటాలు నిజం చెబుతున్నాయా లేదా అని చూడటం మా విభాగం పని. కరిగిన ఇనుములో ఎవరూ వేలు పెట్టి చూడరు, మీటరు చెప్పిందే నమ్ముతారు. మీటరు అబద్ధమాడితే తిట్లు మాకు పడేవి. నిజం చెప్పినన్నాళ్లూ మేమున్నట్టే ఎవరికీ గుర్తుండేది కాదు.

మా నాన్నగారిది విజయనగరం నుంచి ఉక్కు పని కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తరం. నేను పుట్టింది, చదివింది భిలాయిలోనే. విభాగంలో ఆడ అధికారిని నేనొక్కదాన్నే కావడం వల్లనో ఏమో, ఎవరికీ చెందని పనులన్నీ నా బల్ల మీదికి చేరేవి. క్యాంటీన్ గడియారం, గెస్ట్‌హౌస్ గీజరు, ఒకసారి డైరెక్టరు గారి భార్య కుట్టుమిషను. కాబట్టి మా పై అధికారి, డీజీఎం సేన్ గారు పిలిచి, భద్రతా విభాగంవాళ్ల ఎలక్ట్రానిక్ పరికరం ఏదో చెడిపోయిందట, చూసిపెట్టమంటే, వాకీటాకీ అయి ఉంటుందిలే అనుకున్నాను.

డబ్బా తెరిచి చూస్తే కుక్క మెడపట్టీ.

అలాంటిది నేను అంతకుముందు చూడలేదు. తోలు పట్టీకి అగ్గిపెట్టెకంటే కొంచెం పెద్దదైన నల్లటి పెట్టె బిగించి ఉంది. పెట్టె లోపలివైపు నుంచి రెండు మొద్దు ఇనుప మొనలు బయటికి పొడుచుకొచ్చాయి. అది రిసీవరు. దానితోపాటు చేతిలో పట్టుకునే ట్రాన్స్‌మిటరు, దానికి లాగితే పొడుగయ్యే ఏరియలు, ఒక మీట, ఒకటి నుంచి ఐదు దాకా తిరిగే మర. దూరంగా ఉన్న కుక్క మాట వినకపోతే మీట నొక్కుతారు. మెడకు ఆనుకున్న మొనల గుండా షాకు తగులుతుంది. మర ఏ అంకె మీద ఉంటే అంత జోరు. విదేశాల్లో వేటకుక్కల శిక్షణకు వాడతారట. మా భద్రతాధికారి మేజర్ రాథోడ్ గారి బావమరిది ఓడల్లో ఉద్యోగం చేస్తూ తెచ్చి ఇచ్చాడు.

ఫౌండ్రీకి వేటకుక్క ఎందుకంటే, రాగి కేబుల్ దొంగతనాల కోసం. గోడ దూకి వచ్చి కరెంటు కేబుళ్లు కోసుకుపోతుంటే క్రేన్లు ఆగిపోయేవి. సైన్యం నుంచి రిటైరై వచ్చిన మేజర్ గారు, పాత జమీందారీ కుటుంబం ఒకటి ఇంకా వేటకుక్కలు పెంచుతోందని తెలిసి, పాయింటర్ జాతి ఆడకుక్కను ఒకదాన్ని తెప్పించారు. దాని పేరు రూబీ. తెల్లటి ఒంటి మీద కాఫీరంగు మచ్చలు. వాసన పట్టడంలో దానికదే సాటి. దాని లోపం ఒక్కటే. మా గోడ వెనక పోత అచ్చులకు వాడేసిన ఇసుక పోసే దిబ్బలు, వాటి చుట్టూ తుప్పలు ఉన్నాయి. ఆ తుప్పల్లో కుందేళ్లు. దొంగ అడుగుజాడ పట్టుకొని చక్కగా పోతూ పోతూ, కుందేలు లేచిందంటే దొంగను వదిలి దాని వెంటపడేది. తరతరాలుగా దాని జాతికి నేర్పింది అదే కదా! ఆ అలవాటు మాన్పించడానికి ఈ పట్టీ.

ఫిర్యాదు రెండు ముక్కల్లో ఉంది. మీట నొక్కితే ఒక్కోసారి పనిచేయదు. నొక్కకపోయినా ఒక్కోసారి పనిచేస్తుంది.

బల్ల మీద పెట్టి చూశాను. మొనల మధ్య చిన్న నియాన్ బల్బు కలిపితే, షాకు వెలువడినప్పుడల్లా అది ఎర్రగా మినుకుమంటుంది. నొక్కిన ప్రతిసారీ వెలిగింది, నొక్కనప్పుడు వెలగలేదు. బ్యాటరీ బాగుంది. మర మాత్రం ఐదు మీద ఉంది. నా అరచేతికి మొనలు ఆనించుకుని ఒకటో అంకె మీద నొక్కి చూశాను, చీమ కుట్టినట్టుంది. రెండు మీద చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. మూడు ప్రయత్నించే సాహసం చేయలేదు.

మేజర్ గారికి ఫోన్ చేసి, ప్రయోగశాలలో లోపం కనబడలేదు, వాడే చోటికి వచ్చి చూస్తానన్నాను. ఆయన నిరుత్సాహపడ్డారు. ‘మేడమ్ జీ, కుక్క సంగతి మేం చూసుకుంటాం. మీరు మిషను బాగుచేసి పంపండి, చాలు’ అన్నారు హిందీలో. నా ఉద్యోగకాలమంతా విన్న మాట ఇది. కొలిమిదగ్గరివాళ్లూ అదే అనేవారు, కాటా దగ్గరివాళ్లూ అదే అనేవారు. వాళ్ల చేతిలో చెడే వస్తువును నా బల్ల మీద బాగుచేయమంటారు.

మర్నాడు ఉదయం భద్రతా విభాగం షెడ్డుకు వెళ్లాను. రూబీని చూసుకునే హెడ్‌గార్డు సింహాచలం గారు మనవాడే, టెక్కలి వైపు మనిషి. నాకంటే వయసులో పెద్ద. మీసం, ఇస్త్రీ చొక్కా, అందరికీ సలహాలిచ్చే గొంతు. నేను తెలుగులో పలకరించగానే మొహం విప్పారింది.

‘మీరు మనోళ్లేటండి! మరి సెప్పరే! రండమ్మా, మన రూబీని సూద్దురు గాని. దొంగని పట్టిన గుంటండి ఇది.’

నాకు కుక్కలంటే భయం. రూబీ మాత్రం తోక ఊపుకుంటూ వచ్చి నా క్యారియరు సంచీలో ముక్కు పెట్టింది. పట్టీ ఎలా కడతారో చూపించమన్నాను. ఆయన పట్టీని చివరి చిల్లుకు పెట్టి, పూలదండలా వదులుగా వేశారు. కుక్క తల వంచితే మొనలు గాలిలో వేలాడుతున్నాయి. బిగిస్తే దానికి నొప్పి కదండీ అన్నారు. మరి రాత్రి తీసేస్తారా అంటే, తియ్యడమెందుకు, మళ్లీ పొద్దున్న పెట్టాలి కదా అన్నారు. బొచ్చు విడదీసి చూస్తే గొంతు కింద రెండు పుండ్లు. ఏరియలు సంగతి అడిగితే, జేబులో గుచ్చుకుంటోందని మేజర్ సాబ్ దాన్ని లోపలికి తోసేసి వాడతారన్నారు.

సగం ఫిర్యాదుకు జవాబు దొరికింది. మొనలు ఆనవు, ఏరియలు లాగరు. అందుకే మీట నొక్కినా కుక్క లెక్కచేయలేదు. లెక్కచేయడం లేదని మర తిప్పుకుంటూ ఐదు దాకా పోయారు. అంటే షాకు తగలడమంటూ జరిగిన రోజున ఐదో అంకె జోరుతోనే తగిలేది. ఇంత తిన్నగా ఉన్న విషయాన్ని ఆ షెడ్డులో ఒక్కరూ ఆలోచించలేదంటే నాకు తల కొట్టుకోవాలనిపించింది.

నేను అది వివరిస్తుండగా గేటు దగ్గరి గార్డు ఒకతను లోపలికి వస్తూ వాకీటాకీ మీట నొక్కి ఏదో మాట్లాడాడు. దాని గరగర వినబడింది. అంతే, నా ఎదుట నిలబడి తోక ఊపుతున్న రూబీ నేలకు అతుక్కుపోయింది. చెవులు వెనక్కి వాలాయి. కింద తడి పాకింది.

నేను ఉలిక్కిపడి వెనక్కి జరిగాను. సింహాచలం గారు నవ్వారు.

‘బయపడకండమ్మా. దొంగని పట్టినప్పుడు కూడా అచ్చం ఇలాగే పడుకున్నాదండి. ఆడి కాళ్ల కాడ ఇలాగే సతికిలబడిపోనాది. మేజరు సాబు ఎంటనే ఆడి కాలరు పట్టుకున్నారు.’

‘ఇప్పుడు దీని ఎదుట ఉన్నది నేను కదండీ’ అన్నాను. ‘నన్నూ పట్టుకుంటారా?’

ఆయన నవ్వు అలాగే ఉండిపోయింది గాని, కళ్లలోంచి పోయింది.

ఆ దొంగ ఎవరని అడిగాను. పేరు బుధారూ, ఉతై దగ్గరి పల్లెటూరి మనిషి, పెయింటింగ్ కాంట్రాక్టరు దగ్గర కూలీ. కేబుల్ పోయిన ఉదయం కోసిన చోట రూబీకి వాసన చూపించి వదిలారు. అది పెయింటు షెడ్డు పక్కగా వెళ్తూ, డబ్బాలు కలుపుతున్న ఇతని ముందు పడుకుంది. గేటు పాసు లాక్కున్నారు. విచారణ కమిటీ వేశారు. అది ఒకసారి కూర్చుంది, వచ్చే వారం మళ్లీ కూర్చోగానే పోలీసు ఠాణాకు అప్పగించాలని నిర్ణయం. రూబీకి, దానితోపాటు సింహాచలం గారికి, ప్రశంసాపత్రం, ఆయనకు హోదా పెంచి భుజం మీద ఇంకో స్టారు ఇవ్వాలని మేజర్ గారు పైకి సిఫారసు చేశారు.

బుధారూని నేను రోజూ చూస్తూనే ఉన్నానని అప్పుడు తెలిసింది. మెయిన్ గేటు బయట, సైకిలు స్టాండు గోడకు ఆనుకొని, రంగు మరకల లాగూతో ఒకతను కూర్చుని ఉండేవాడు. కాంట్రాక్టరు కోసం చూస్తున్నాడనుకునేదాన్ని. ఆ సాయంత్రం ఆగి మాట్లాడాను. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఏమీ అడగకముందే ‘మయ్ కుఛు నయ్ కరే హవ్’ అన్నాడు, నేనేమీ చేయలేదని. ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పాడో, ఆ మాటలో ఉప్పూ కారం ఏమీ మిగల్లేదు. ఆ ఉదయం కుక్క వచ్చినప్పుడు ఏం జరిగిందని అడిగితే, వెనకాల వాకీటాకీ మోగింది, కుక్క పడుకుంది, నన్ను పట్టుకున్నారు అన్నాడు. కమిటీకి ఇది చెప్పావా అన్నాను. కుక్క ఎందుకు పడుకుందో అడిగారట, కుక్క సంగతి తనకేం తెలుసన్నాడట.

మర్నాడు పట్టీని నియాన్ బల్బుతో సహా షెడ్డు దగ్గర కర్రకు కట్టాను. కుక్క మెడకు కట్టి పరీక్షించే ప్రసక్తి లేదని ముందే చెప్పాను. ట్రాన్స్‌మిటరు ఆపేసి, నా దగ్గరే పెట్టుకున్నాను. గార్డు చేత వాకీటాకీ దూరం నుంచి నొక్కిస్తూ దగ్గరికి రప్పించాను. చేయి చాచితే అందేంత దగ్గరికి వచ్చేసరికి బల్బు మినుకుమంది. ప్రతిసారీ మినుకుమంది. వాకీటాకీ పంపే తరంగాలు అంత దగ్గరలో జోరుగా ఉంటాయి. ఆ చవకబారు రిసీవరు వాటిని తన ట్రాన్స్‌మిటరు సంకేతమని పొరబడుతోంది. మీట నొక్కకుండానే షాకు ఎలా వస్తోందో తేలిపోయింది. గార్డులు కుక్కకు పక్కనే నడుస్తూ, ఎక్కడిదాకా వచ్చామో మాటిమాటికీ గేటుకు చెబుతుంటారు. చెప్పినప్పుడు చాలాసార్లు రూబీ మెడలో ఐదో అంకె. కొన్నాళ్లకు పట్టీ అక్కర్లేకపోయింది. గరగర వింటే చాలు, దెబ్బ వస్తోందని నేలకు అతుక్కోవడం నేర్చుకుంది. శిక్షణ అంటే అదే. ఎవరూ నేర్పాలనుకోనిది, బ్రహ్మాండంగా నేర్పేశారు.

మేజర్ గారి గదికి వెళ్లి చెప్పాను. ఆయన చెడ్డవారు కారు. ఓపికగా విన్నారు. విని, ‘అయితే పట్టీకి ఒక ఫిల్టరు పెట్టండి, వాకీటాకీ తగలకుండా’ అన్నారు.

పెట్టొచ్చు, కానీ పెయింటు కూలీ విషయం అన్నాను.

అది వేరే ఫైలు అన్నారు.

అది వేరే ఎలా అవుతుందో నేను చాలాసేపు అడిగాను. కుక్క సాక్ష్యం మీద మనిషిని పట్టుకున్నప్పుడు, ఆ కుక్క మెడలోని పరికరం చెడిందని మీరే నాకు రాసి పంపినప్పుడు, రెండూ ఒకటే ఫైలు కాదా? ఆయన చెప్పిందల్లా ఒకటే. పరికరం కుందేళ్ల కోసం. దొంగను పట్టింది కుక్క ముక్కు. ముక్కు చెడలేదు. నేను, కావాలంటే ఐదో అంకె ఎంతుంటుందో మీరే ఒకసారి పట్టుకుని చూడండని పట్టీ ముందుకు చాపాను. ఆయన చేతులు బల్ల కిందికి పోయాయి.

సేన్ గారు నన్నే మందలించారు. పరికరానికి ఏం చెడిందో రాసి సంతకం పెట్టి పంపేయి, భద్రతావాళ్ల వ్యవహారంలో తలదూర్చకు, ఉన్న పని చాలదా అన్నారు. నిజానికి చాలినంత పనుంది. రెండో కొలిమి మీటరు ఆ వారమే తప్పులు చూపిస్తోంది. అయినా నేను రాసిన నివేదికలో, పరికరం చెడి ఉన్న కాలంలో కుక్క ప్రవర్తనను ఏ విషయానికీ ఆధారంగా తీసుకోరాదని ఒక వాక్యం చేర్చాను. ఆ వాక్యం తీసేసి మళ్లీ టైపు చేయించమని తిరిగి వచ్చింది. టైపు చేయించి, ఆ వాక్యం అలాగే ఉంచి పంపాను. మళ్లీ వచ్చింది. అప్పటికి నాకు విసుగు నషాళానికి అంటింది. కాగితం వద్దు, కళ్లతో చూద్దురు గాని రండని సేన్ గారినీ మేజర్ గారినీ పిలిచాను. సేన్ గారు రావడానికి ఒప్పుకున్నది నా పోరు పడలేకే.

ఈలోగా సింహాచలం గారి దగ్గరికి ఇంకోసారి వెళ్లాను. దొంగ దొరికితే రూబీ ఏం చేయాలని నేర్పారో చెప్పమన్నాను. పాయింటర్ జాతి లక్షణం ఆయనే చెప్పారు. వెతుకుతున్నది దొరికితే నిలబడిపోతుంది, ముందుకాలు ఒకటి ఎత్తి, ముక్కు సూటిగా చాపి, రాతిబొమ్మలా. గుడ్డముక్క దాచి చేయించి చూపించారు కూడా. చూడముచ్చటగా నిలబడింది.

‘మరి ఆ రోజు కాలెత్తి నిలబడిందా, పడుకుందా?’

‘కుక్క కదండీ మేడమ్ గారూ, ఒకోపాలి నిల్సుంటాది, ఒకోపాలి పడుకుంటాది.’

‘దొరికినప్పుడు పడుకోవడం మీరెప్పుడైనా చూశారా, ఆ రోజు తప్ప?’

ఆయన మీసం సవరించుకున్నారు. ‘ఒగ్గీయండమ్మా. ఆడి పాసు ఆడికి ఎలాగోలా ఒచ్చీస్తాది. నా స్టారు మరి రాదు కదండి. ఇరవై ఏళ్లబట్టీ గేటు కాడే నిల్సున్నాను.’

నేను వచ్చేశాను. ఆయన అబద్ధమాడినా నాకు ఇంత చిరాకు కలిగేది కాదు. ఆయన నిజమే చెబుతున్నారు.

శనివారం ఉదయం షెడ్డు వెనక మైదానంలో కొందరిని వరసగా నిలబెట్టాం. గార్డులు, మా విభాగం టెక్నీషియన్లు, మధ్యలో సేన్ గారు. మేజర్ గారు తాను పర్యవేక్షకుణ్నని చెప్పి పక్కన నిలబడ్డారు. రూబీ మెడలో మామూలు తోలు పట్టీ తప్ప ఏమీ లేదు. కేబుల్ ముక్క చుట్టిన గుడ్డ వాసన చూపించి, ఆ గుడ్డను ఒక గార్డు జేబులో దాచాం. సింహాచలం గారు తాడు పట్టుకుని నడిపించారు. రూబీ ఒక్కొక్కరినే వాసన చూస్తూ, సేన్ గారిని దాటిపోయి, ఆ గార్డు ముందు కాలెత్తి నిలబడిపోయింది. మేజర్ గారి మొహం వెలిగింది. చూశారా ముక్కు అన్నారు. చూశానన్నాను.

రెండోసారి గుడ్డ ఎవరి దగ్గరా లేదు. రూబీ సేన్ గారి దగ్గరికి వచ్చేసరికి, నేను వెనక నుంచి వాకీటాకీ మీట నొక్కాను. గరగర. రూబీ సేన్ గారి బూట్ల ముందు నేలకు కరుచుకుపోయింది.

సేన్ గారు తన బూట్లకేసి చూసుకున్నారు, తర్వాత మేజర్ గారికేసి.

‘రాథోడ్ సాబ్, మా ఇంట్లో కేబుల్ వెతికిస్తారా? ఇంటి తాళాలు జేబులోనే ఉన్నాయి’ అన్నారు హిందీలో. ఆయన గొంతులో నవ్వులేదు. ఇన్నాళ్లూ నన్ను తలదూర్చవద్దన్న మనిషికి, కుక్క తన కాళ్ల దగ్గర పడుకుంటేగాని విషయం అర్థం కాలేదు.

మేజర్ గారు కాకతాళీయం అన్నారు. కుక్కకు ఒంట్లో బాగాలేదేమో అన్నారు. ఒక్కసారి జరిగినంత మాత్రాన ఏదీ రుజువు కాదన్నారు. ఆ చివరి మాట సరైనదే. అందుకని ఇంకోసారి చేద్దామన్నాను. ఇంకొకరి ముందు నొక్కాను, పడుకుంది. మూడో మనిషి దగ్గరికి నడిపించమన్నాను.

సింహాచలం గారు కదల్లేదు. రూబీ ఆయన కాళ్ల మధ్య దూరి వణుకుతోంది. ఆయన ప్యాంటు తడిసింది.

‘ఇంక సాలండి. మరి నొక్కకండి’ అన్నారు. ఎవరితో అంటున్నారో తెలియలేదు. తర్వాత మేజర్ గారి వైపు తిరిగి, తెలుగులోనే మొదలుపెట్టి మధ్యలో హిందీలోకి మారారు. ‘ఆ రోజు కూడా ఇదేనండి సాబ్. పెయింటు షెడ్డు కాడ మన ఎనకాల గార్డు వాకీటాకీ నొక్కినాడు. ఉస్‌కే బాద్ హీ బైఠీ, ఆ తరవాతే పడుకున్నాది. మెడలో పట్టీ ఉంది. నాను సూసినాను.’

మరి విచారణలో ఎందుకు చెప్పలేదని మేజర్ గారు గద్దించారు.

‘మీరు నన్నడగనేదు సాబ్’ అన్నారాయన. ‘నానూ సెప్పనేదు’ అని కలిపి, రూబీని ఎత్తుకుని షెడ్డులోకి వెళ్లిపోయారు. అంత పెద్ద కుక్కను ఆయన ఎత్తుకోవడం అంతకుముందు ఎవరూ చూడలేదట.

ఇక్కడితో అంతా చక్కబడి ఉండాలి. కర్మాగారాల్లో ఏదీ ఇక్కడితో చక్కబడదు. కమిటీ తప్పు జరిగిందని రాయలేదు. తగిన ఆధారాలు లేనందున విచారణ ముగించడమైనది అని రాసింది. బుధారూ పాసు భద్రతా విభాగం నుంచి సిబ్బంది విభాగానికి, అక్కడి నుంచి కాంట్రాక్టు సెల్‌కు తిరిగింది. నేను ఫోన్ చేసిన ప్రతిచోటా అది పక్కవాళ్ల బల్ల మీద ఉందన్నారు. పాసు చేతికొచ్చేసరికి పాత కాంట్రాక్టరు వేరొకణ్ని పెట్టుకున్నాడు. చివరికి సేన్ గారే మా విభాగంలో గొట్టాలకు రంగులు వేసే కాంట్రాక్టరుతో మాట్లాడి పనిప్పించారు. ఆ మేలు ఆయన చేశారని చెప్పడం నా ధర్మం.

పనిలో చేరిన రోజు బుధారూ నా గది గుమ్మం దగ్గరికి వచ్చాడు. కృతజ్ఞత చెప్పడానికనుకున్నాను. అతను అడిగింది వేరు. ‘గాఁవ్ మా కోన్ బతాహీ?’ అన్నాడు. మా ఊళ్లో ఎవరు చెబుతారు అని. కుక్క పట్టుకున్న దొంగ అని ఊరంతా తెలిసింది. కూతురికి కుదిరిన సంబంధంవాళ్లు మాట్లాడటం మానేశారు. ఆధారాలు లేవన్న కాగితం తీసుకెళ్లి ఎవరికి చూపించాలి? చదివినవాళ్లు, అయితే ఆధారాలు దొరకలేదన్నమాట, అంటారు.

కంపెనీ తరఫున ఊరి పెద్దలకు ఒక ఉత్తరం ఇమ్మని మేజర్ గారిని అడిగాను. అలాంటి పద్ధతి లేదన్నారు. సిబ్బంది విభాగాన్ని అడిగాను. వాళ్లూ పద్ధతి లేదన్నారు. పట్టుకుపోయేటప్పుడు ఏ పద్ధతి ఉందో ఎవరూ చెప్పలేకపోయారు.

సింహాచలం గారు తన వారపు సెలవు రోజున యూనిఫారం వేసుకుని, ఉతై బస్సెక్కి ఆ ఊరు వెళ్లొచ్చారని తర్వాత వేరేవాళ్ల ద్వారా తెలిసింది. నేను అడిగితే ముక్తసరిగా చెప్పారు.

‘ఎల్లానండి. నలుగురూ కూకున్న కాడ సెప్పినాను, మా కుక్కదే తప్పని. కుక్కది కాదు, మాదని.’

‘వాళ్లేమన్నారు?’

‘ఏటంతారండి? మంచినీల్లిచ్చినారు.’

ఆ సంబంధం నిలిచిందో లేదో నాకు తెలియదు. సింహాచలం గారికి స్టారు రాలేదు. ఆ కేబుల్ ఎవరు కోశారో నేను అక్కడున్నంత కాలం తేలలేదు.

రూబీని పనికిరానిదిగా రాసేయాలన్న ప్రతిపాదన వచ్చింది. దుర్గ్ నుంచి వచ్చిన పశువైద్యుడు పుండ్లకు మందిచ్చి, కుక్కలో లోపం లేదు, కొన్నాళ్లు వదిలేయండన్నాడు. సింహాచలం గారు పట్టీ జోలికి పోకుండా పాత పద్ధతి పట్టారు. పొడవాటి తాడు కట్టి తుప్పల వైపు తీసుకెళ్లడం, కుందేలు లేస్తే తాడు బిగపట్టి ‘నై’ అనడం, వెనక్కి తిరిగితే రొట్టెముక్క. వాకీటాకీకి నేనొక ఉపాయం చెప్పాను. మైదానం అవతలి చివర ఒకరు మీట నొక్కాలి, ఇవతల రూబీకి తిండి పెట్టాలి. రోజుకు కొంచెం చొప్పున దగ్గరికి రావాలి. మొదట్లో ఆయన తొందరపడి దగ్గరికి తెచ్చేసేవారు, అది మళ్లీ నేలకు కరుచుకునేది, మళ్లీ మొదటికి. ఆయన మీద నేను అరిచిన అరుపులకు లెక్కలేదు. ఎండాకాలం వచ్చేసరికి గరగర వింటే చెవులు వాల్చేది గాని, పడుకునేది కాదు. కుందేళ్ల మీద వ్యామోహం పూర్తిగా ఎప్పుడూ పోలేదు. తాడు మీద ఉన్నంతసేపూ మాట వినేది. అంతకుమించి ఎవరూ ఆశించకూడదని నా అభిప్రాయం.

పట్టీని, ఉపయోగానికి తగదు అని చీటీ కట్టి తిప్పి పంపాను. మేజర్ గారు ఫోన్ చేసి, ఇంతకీ బాగైందా లేదా అని అడిగారు.

ఈ వృత్తిలోకి వచ్చే కొత్తవాళ్లకు పాఠ్యపుస్తకాలు చెప్పని సంగతి ఒకటి దీనివల్ల నాకు తెలిసింది. పరికరం చెడిందని తేలినప్పుడు దాన్ని బాగుచేయడం సగం పనే. అది ఎప్పటి నుంచి చెడి ఉందో కనుక్కుని, ఆనాటి నుంచి దాన్ని నమ్మి ఎవరెవరు ఏమేం తేల్చేశారో మళ్లీ విప్పి చూడటం మిగతా సగం. ఈ రెండో సగాన్ని ఎవరూ అడగరు, చేస్తానంటే హర్షించరు, దానికి వేరే ఫైలు ఉందంటారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా దగ్గరికి మరమ్మతుకు ఏ మీటరు వచ్చినా, ఏం చెడింది అన్న ప్రశ్న తర్వాత అడిగాను. మొదట అడిగింది, ఇన్నాళ్లూ ఇది చెప్పిన మాట విని మీరేం చేశారు అని.